కమలాక్షి మేడం పేరు మీద ఒక్క పేపరు

మా కాలేజీ ఆఫీసు గోడకు కొత్తగా ఒక బోర్డు తగిలించారు. కదిలే బండ్ల మధ్య వైర్‌లెస్ మీద పరిశోధన, అచ్చయిన పేపర్లు తొమ్మిది అని రాసి, పక్కన ప్రిన్సిపాల్ ధనుంజయ సార్ ఫొటో పెట్టారు. ఆ తొమ్మిదింటి కోసం ఆయన ఒక్కరోజన్నా బండెక్కి ఉంటే నా పేరు నరసింహులే కాదు.

నేను అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్ని. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు మీదుంది మా కాలేజీ. ఆ పరిశోధనకు వాడిన వైర్‌లెస్ పెట్టెలు మోసింది నేను. టెంపోల మీద యాంటెనా కట్టింది నేను. వానొస్తే చొక్కా విప్పి లాప్‌టాప్ మీద కప్పింది నేను. కాబట్టి ఆ పరిశోధన ఎవరిదో నాకు తెలుసు. కమలాక్షి మేడంది. బోర్డు మీద ఆమె పేరెక్కడుందా అని వెతికితే, అడుగున చిన్న అక్షరాల్లో 'సహకరించినవారు' అని కనిపించింది. సహకరించారంట! వంటంతా చేసిన మనిషిని పట్టుకుని వడ్డనలో సాయం చేసింది అన్నట్టుంది.

కమలాక్షిది పుంగనూరు. వాళ్ళ నాన్న మునిస్వామప్పకు బస్టాండు వెనక సందులో చిన్న అచ్చాఫీసు ఉండేది. పెళ్ళి పత్రికలు ఎక్కువగా వేసేవాడు. ఆరో తరగతి నుంచే ఆ పిల్ల సీసం అక్షరాలు ఏరి వరసలు కూర్చేది. పత్రికలో పేర్ల వరస అంటే ఆషామాషీ కాదు. ఇంటి పెద్ద పేరు పైన ఉండాలి, ఆ కింద వయసు ప్రకారం మిగతావాళ్ళు రావాలి. ఒకసారి చౌడేపల్లె వాళ్ళ పత్రికలో చిన్నాయన పేరు పెద్దాయన పేరు పైకెక్కింది. పెద్దాయన ఇంటివాళ్ళంతా పెళ్ళికి రావడం మానుకున్నారు. ఆ పెళ్ళివాళ్ళు వచ్చి మునిస్వామప్పను అచ్చాఫీసు ముందు నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళు వినేట్టు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ వరస కూర్చింది కమలాక్షే. నాన్న తల దించుకుని నిలబడటం ఆమె లోపలినుంచి చూసింది. పేర్ల దగ్గర పెద్దవాళ్ళను దాటకూడదన్న భయం ఆమె ఒంటికి పట్టింది అక్కడే.

తొంభైల మొదట్లో ఆమె పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లెకు పోయి బీఎస్సీ చదివింది. అప్పట్లో ఆ రోడ్డు మీద ఒక అలవాటుండేది. మదనపల్లె టమాటా మార్కెట్లో సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే టెంపో, లోడుతో ఎదురొచ్చే టెంపో కనపడగానే ఆగిపోయేది. ఇద్దరు డ్రైవర్లూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మాట్లాడుకునేవాళ్ళు.

"పోవద్దప్పా ఆడికి, రేటు పడిపోయిండాది. లోడు పలమనేరుకు తిప్పుకో."

వెనక బస్సు హారన్ మోగుతూనే ఉండేది. బస్సులో జనం ఆ డ్రైవర్ల ఏడు తరాలను తలుచుకునేవాళ్ళు. కమలాక్షి ఒక్కతే చెవిపెట్టి వినేది. ఊళ్ళల్లో ఫోన్లు లేని రోజుల్లో ఆ అరనిమిషం మాట వల్ల ఒక రైతు పంట నేలపాలు కాకుండా మిగిలేదు. బండ్లు ఆగకుండానే ఆ మాట ఒక బండి నుంచి ఇంకో బండికి దూకితే ఎట్లా ఉంటుంది? ఇది ఆమెకు ఆ బస్సులో, నిలబడి ప్రయాణం చేస్తూ వచ్చిన ఆలోచన. ధనుంజయ సార్‌కు ఏసీ గదిలో వచ్చింది కాదు.

ఆమె ఎమ్మెస్సీ, ఎంటెక్ చేసి 1998లో మా కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. భర్తకు కుప్పంలో రైల్వే ఉద్యోగం. వారమంతా ఇక్కడ పాఠాలు, శనివారం కుప్పం బస్సు. 2003లో కాలేజీ తనిఖీకి ఎవరో వస్తున్నారని రెండు లాప్‌టాపులు, నాలుగు వైర్‌లెస్ కార్డులు కొన్నారు. తనిఖీవాళ్ళు పోయాక వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. మేడం పోయి అడిగింది. అప్పుడు మా డిపార్ట్‌మెంటు పెద్ద ధనుంజయ సార్.

"టమాటా బండ్ల మీద రీసెర్చా? ఎవురన్నా వింటే నవ్వుతారు గదమ్మా," అన్నాడు. "తీసుకుపో. పాడైతే మాత్రం నువ్వే చూసుకోవాల."

ఆ పరిశోధనలో ఆయన చేసిన పని మొత్తం ఇంతే. బీరువా తాళంచెవి ఇచ్చాడు.

నాలుగేళ్ళు తిరిగాం. ఆమె మదనపల్లెలో ఒక టెంపో ఎక్కేది, నేను వి.కోటలోనో పుంగనూరులోనో ఇంకోటి ఎక్కేవాణ్ణి. ఎక్కువగా డ్రైవర్ వెంకటముని బండి. లాప్‌టాప్, దానికి తగిలించిన వైర్‌లెస్ పెట్టె ఒళ్ళో, యాంటెనా క్యాబిన్ మీద. రెండు బండ్లూ ఎదురుపడి దాటిపోయేలోపు దొరికేది ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలో ఎన్ని మాటలు అటునుంచి ఇటు వచ్చాయో రాసుకోవాలి. మొదట్లో లెక్క కుదరలేదు. ఒక్కోసారి ఇరవై సెకన్లూ మాట వినపడేది, ఒక్కోసారి పదికే తెగిపోయేది. కార్డు పాడైందనుకున్నాను నేను. మేడం నాలుగు వారాలు బుర్ర పట్టుకుని కూర్చుంది. ఐదో వారం చౌడేపల్లె క్రాసు దగ్గర బండి దిగి, వెనక పేర్చిన బాక్సుల మీద చెయ్యి పెట్టి గట్టిగా నవ్వింది.

"నరసింహులప్పా, ఇదంతా నీళ్ళు గదప్పా! టమాటా అంటే నీళ్ళే గదా!"

విషయం అది. లోడు బండికి ముందు వైపు బాగా వినపడుతుంది. ఎదుటి బండి దాటి వెనక్కి పోగానే మధ్యలో టన్నుల కొద్దీ టమాటా అడ్డం. నీళ్ళు ఆ సిగ్నల్‌ను తాగేస్తాయి. ఖాళీ బండికి ఆ బాధ లేదు. కాబట్టి లోడు బండికి చెప్పాల్సిన ముఖ్యమైన మాట, అంటే రేటు, మొట్టమొదటి సెకన్లలోనే పోవాలి. మిగతావి వెనక పోతే పోయె, లేకపోతే లేదు. ఈ వరస ఎట్లా పెట్టాలో ఆమె కనిపెట్టింది. మాటల వరసలో అసలైనది ముందుండాలని లోకానికి చెప్పిన మనిషి, 2004లో మొదటి పేపరు రాసినప్పుడు పేర్ల వరసలో తనను చివర పెట్టుకుంది!

నేను పక్కనే ఉన్నాను. కంప్యూటర్లో ఆమె తన చేత్తోనే కొట్టింది. మొదట ధనుంజయ సార్ పేరు. తర్వాత ఆమె కంటే ముందు చేరిన ఇద్దరు లెక్చరర్ల పేర్లు. వాళ్ళు ఆ పెట్టె మొహం కూడా చూడలేదు. నాలుగోది ఆమె పేరు.

"మీ పేరు అడుగున యాల మేడం?" అన్నాను.

"పెద్దోళ్ళు గదప్పా. వాళ్ళను కింద పెట్టి మన పేరు పైన వేసుకుంటే బాగుంటాదా?"

పేపర్లలో మొదటి పేరుకు అర్థం వేరని, పని చేసినవాళ్ళ పేరే ముందుంటుందని ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. నాకా, తెలియదు. ధనుంజయ సార్‌కు తెలుసు. పీహెచ్‌డీ చేసినవాడు ఆయన. కాగితం చూసి, "బాగుందమ్మా, పద్ధతి తెలిసిన పిల్లవి," అని సంతకం పెట్టాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు ఆమెదే అంటారా? ఆమెదే. కానీ గుడ్డివాడు బావి వైపు నడుస్తుంటే, కళ్ళున్నవాడు చూసి 'బాగా నడుస్తున్నావు' అంటే వాణ్ణి ఏమనాలి?

ఆ పేపరు ఢిల్లీలో సభకు ఎంపికైంది. ధనుంజయ సార్ పోయి చదివొచ్చాడు. సొమ్మొకడిది సోకొకడిది. దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని చదివి తమ పేపర్లలో రాసుకున్నారు, 'ధనుంజయ, ఇతరులు' అని. మేడం ఆ ఇతరుల్లో చివరామె. ఆ మొదటి పేరు చూసే బెంగళూరు సంస్థ ఒకటి ఆయనకు ఉత్తరం రాసింది, ఇరవై టమాటా బండ్లకు ఈ పెట్టెలు బిగించి ఒక సీజనంతా నడిపి చూద్దామని. ఈయనకు టెంపో అంటే ఏమిటో తెలుసా? యాంటెనా ఎక్కడ కట్టాలో తెలుసా? అడిగితే నోరు తెరవలేనని భయం. 'అది ప్రాథమిక దశలో ఉంది' అని జవాబు రాసి ఊరుకున్నాడు. ఆ ఉత్తరం వచ్చిన సంగతి మేడంకు ఏడాది తర్వాత ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది.

ఆ రోజు ఆమె మొదటిసారి అడిగింది. అప్పటికి నాలుగు పేపర్లయ్యాయి.

"సార్, ఇంక వచ్చే పేపర్లో నా పేరు ముందర వేస్తాను."

"వరస నువ్వే కూర్చినావు గదమ్మా," అన్నాడు ఆయన నవ్వుతూ. "నేనేమన్నా నీ చెయ్యి పట్టుకుని రాయించినానా? ఇప్పుడు మారిస్తే బయటోళ్ళు ఏమనుకుంటారు? నువ్వు చిన్నదానివి, నీకు ముందు చానా కాలం ఉండాది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆమె బయటికొచ్చి ల్యాబ్‌లో కూర్చుని, ఒక వైరు తీసుకుని ముక్కలు ముక్కలుగా కత్తిరించింది. ఏడవలేదు. ఆ తర్వాత ఇంకో ఐదు పేపర్లు అదే వరసలో పోయాయి. ఆయన ప్రిన్సిపాల్ అయ్యాడు.

మేడం పీహెచ్‌డీకి చేరి అప్పటికే మూడేళ్ళు. యూనివర్సిటీ షరతు ఒకటుంది. 2009 మార్చి లోపల మొదటి పేరు తనదిగా కనీసం ఒక్క పేపరన్నా జర్నల్లో అచ్చవ్వాలి. లేకపోతే అంతా రద్దు. తొమ్మిది పేపర్లు రాసిన మనిషికి ఆ ఒక్కటి లేదు! 2007 చివర్లో ఆమె ఎవరికీ చెప్పకుండా, తన ఒక్క పేరుతోనే పదోది రాసి ఒక జర్నల్‌కు పంపింది. నాలుగేళ్ళ కొలతలన్నీ అందులో పెట్టింది. మూడు నెలలకు జవాబొచ్చింది. ఆమె ఆ కాగితం నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి నిలబడింది.

'ఈ రచయిత్రి, ధనుంజయ గారు ఇంతకుముందే ప్రచురించిన పరిశోధన నుంచి విరివిగా కాపీ చేశారు. ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా ఈ వ్యాసాన్ని పరిశీలించలేము.'

తన వంటను తాను తింటే దొంగతనం అన్నారు. వాళ్ళననీ లాభం లేదు. వాళ్ళకు తెలిసింది అచ్చులో ఉన్న వరసే.

ఆమె ప్రిన్సిపాల్ గదికి పోయింది. అనుమతికి ఆయన సిద్ధమే, కాకపోతే పదో పేపర్లో కూడా ఆయన పేరు ముందుండాలట. ఆమె ఒప్పుకోలేదు. మర్నాడు నన్ను పిలిచారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. కొలతలన్నీ ధనుంజయ సార్ పథకం ప్రకారం, ఆయన పర్యవేక్షణలో తీశామని, కమలాక్షి గారు సహాయం చేశారని దానిలో ఉంది. కింద నా పేరు.

"నీది ఇంకా కాంట్రాక్టే గదా నరసింహులూ," అన్నాడు ప్రిన్సిపాల్. "జూన్‌లో రెన్యూ చెయ్యాల గదా."

నేను సంతకం పెట్టాను. ఇంతసేపూ ఆయన్ను తిడుతున్నవాణ్ణి నేనే, సంతకం పెట్టినవాణ్ణీ నేనే. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, భార్యకు పని లేదు అని చెప్పుకుంటాను. అందరికీ పిల్లలుంటారు. నాకు భయమేసింది, పెట్టాను, అంతే.

తర్వాతి వారం మేడం నుంచి కబురొచ్చింది.

"శనివారం ఖాళీనా అప్పా? మళ్ళీ మొదట్నుంచి తియ్యాల. కాలేజీ పెట్టెలొద్దు, కాలేజీ కొలతలొద్దు. మన పాత విద్యార్థులు బెంగళూరు నుంచి రెండు లాప్‌టాపులు పంపిచ్చినారు."

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పోయాను. 2008 ఏప్రిల్ నుంచి జూలై దాకా, టమాటా సీజనంతా, సెలవు దొరికిన ప్రతిరోజూ తిరిగాం. ఆమెకు ముప్పైఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పి. గుర్రంకొండ నుంచి వచ్చే బండ్లను కూడా వదల్లేదు. నాలుగేళ్ళ పని నాలుగు నెలల్లో మళ్ళీ చెయ్యడమంటే మాటలా? ఎవడి కోసం, ఏ తప్పుకు?

మే నెలలో ఒకరోజు పుంగనూరు దాటాక వెంకటముని బండిలో నేనూ మేడం కలిసే ఉన్నాం. అతని జేబులో సెల్లు మోగింది. అటువైపు మార్కెట్లో ఉన్న మనిషి రేటు చెప్పాడు. వెంకటముని బండి పక్కకు తీసి, యాంటెనా వైపు చూశాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. రేటు ఇప్పుడు సెల్లులో వస్తాండాది. బండి ఎత్తకముందే తెలిసిపోతాండాది. ఇంక యాలమ్మా ఈ పెట్టె?"

ఆమె గొంతెత్తగా నేను అప్పటిదాకా వినలేదు.

"నాలుగేండ్ల ముందర నీకు సెల్లు ఉండిందా? చెప్పప్పా, ఉండిందా? అప్పుడు నీ లోడు ఎన్నిసార్లు రోడ్డు పక్కన పారబోసినావు? ఇరవై బండ్లకు కట్టిస్తామని ఉత్తరం వచ్చిండె! నా పేరు మీద వచ్చింటే ఆ వారమే కట్టించేదాన్ని! ఈ నాలుగేండ్లు ఎవురు మింగినారో నీకు తెలుసునా?"

పాపం వెంకటముని స్టీరింగు పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి మామూలు గొంతుతో అంది.

"నీకు పనికిరాకపోతే పోనీలేప్పా. నాకు పనికొస్తాది. బండి కదిలించు."

నాకు ఆ రోజు అర్థమైంది ఆయన దోచుకున్నది ఎంత పెద్దదో. పేరైతే మళ్ళీ రాసుకోవచ్చు. పోయిన నాలుగు సీజన్లు ఎవడు తెచ్చిస్తాడు? ఆ రోడ్డు పక్కన కుళ్ళిన టమాటా ఎవడి లెక్కలో రాయాలి?

2009 ఫిబ్రవరిలో ఆ పేపరు అచ్చయింది. గడువుకు ఇరవై రెండు రోజుల ముందు. మేడం ల్యాబ్‌కు వచ్చి కాపీ ఒకటి నా బల్ల మీద పెట్టింది. మొదటి పేరు కమలాక్షి. దాని కింద ఇంకో పేరుంది. చదివి నా కళ్ళు నేను నమ్మలేదు. నరసింహులు.

"మేడం, ఇది తీసేయండి," అన్నాను. "మీకు తెలియదు. నేను పోయినేడు ఒక కాయితం మీద..."

"తెలుసప్పా. దాని జెరాక్సు ఆయన నాకు అప్పుడే పంపిచ్చినాడు."

"తెలిసి కూడా నన్ను యాల పిలిచినారు?"

"యాంటెనా కట్టేది నీకు వచ్చినట్టు ఇంకెవురికీ రాదు."

"మరి పేరు యాల?"

"నాలుగు నెలలు ఎండలో తిరిగినావు గదా. తిరిగినోడి పేరు లేకుండా అచ్చేస్తే, నాకూ ఆయనకూ తేడా ఏముంది?"

పాఠానికి టైమైందని వెళ్ళిపోయింది. నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది. తిట్టినా తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఏమీ అనని మనిషికి ఏం జవాబు చెప్తాం?

మేడంకు పీహెచ్‌డీ వచ్చింది. ఇప్పుడు డాక్టర్ కమలాక్షి. ఉద్యోగం అదే, గది అదే. కానీ మొదటి పేపర్లో ఆమె పేరు పైకి మార్చాలంటే, ఆ పని ఆమెదేనని చెప్పే సాక్షి కావాలట. మేడం ఉత్తరం రాస్తే ఆ పేపరు అచ్చేసినవాళ్ళు ఇచ్చిన జవాబది. ఉన్న సాక్షిని నేనొక్కణ్ణే. నేను చెప్పింది అప్పుడే ప్రిన్సిపాల్ ఫైల్లో, నా సంతకంతో సహా ఉంది.

దాన్ని వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి ఆ గది దాకా మూడుసార్లు పోయాను. మూడుసార్లూ తలుపు దగ్గర నిలబడి, ప్యూను ఏం కావాలని అడిగితే ఏమీ లేదని చెప్పి తిరిగొచ్చాను. మేడం ఇంతవరకు నన్ను ఒక్కమాట అడగలేదు.